సముద్రం తట్టిన తలుపు

నేను ఒక వేపచెక్క తలుపుని, చెదపురుగుకి కూడా చేదు. గవ్వలపేటలో సూరాడ దానయ్య తన పెళ్లికి ముందు నన్ను చేయించాడు. అతని భార్య బంగారమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో సముద్రం చూడాలంటే సరుగుడు తోట దాటి వెళ్లాలి. చలికాలంలో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఆ ఇసుకలోకి వచ్చేవి. దారి తప్పి గుమ్మం దాకా వచ్చినదానికి బంగారమ్మ పసుపు రాసి, బొట్టు పెట్టి, నీళ్లలోకి సాగనంపేది. ఇంటికొచ్చిన ఆడపడుచుకి కూడా అంత మర్యాద జరగలేదు.

మా పేటలో ఒక పద్ధతి ఉంది. కెరటం గోడని తాకగానే ముందు తలుపు విప్పుకుంటారు. మట్టిగోడలు మళ్లీ లేస్తాయి, తలుపు మళ్లీ రాదు. దాన్ని ఎక్కడ నిలబెడితే అదే ఇల్లు. అలా రెండుసార్లు దానయ్య వీపెక్కి ఊరి లోపలికి జరిగాను.

ఊరంతా అడగ్గా అడగ్గా తీరానికి రాళ్లగోడ మంజూరైంది. లారీ దించిన మొదటి బండకి బంగారమ్మ పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది. దేవుడెవరో దెయ్యమెవరో చూడకుండా దండం పెట్టేయడం ఈ మనుషులకి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ గోడ కాస్తా మా పేట పక్కనున్న గెస్ట్‌హౌస్ ముందు వరకు వచ్చి ఆగిపోయింది. దాన్ని కొట్టిన కెరటం పక్కకి మళ్లి మా పేట మీద పడింది. తాబేళ్లు బండలకి తల కొట్టుకుని వెనక్కి పోయాయి. నాకు ఒళ్లు మండింది, కానీ తలుపు మాట ఎవరు వింటారు?

మూడోసారి దానయ్య నన్ను విప్పి రోడ్డు మీద నిలబడ్డాడు. రోడ్డు అవతల భూమికి ఎవరో కంచె వేసుకున్నారు.

"ఏటే, ఎక్కడెట్టమంటావు దీన్ని?" అన్నాడు.

"ఎట్టడానికి సోటేదీ? సేతులారా బండకి దండమెట్టుకున్నాం," అని బంగారమ్మ ఏడ్చింది.

గెస్ట్‌హౌస్ మేనేజరు నన్ను చూసి ముచ్చటపడ్డాడు. "ఎండకీ వానకీ పాడైపోద్దమ్మా. మా దగ్గరుంచు, జాగ్రత్తగా చూసుకుంటాం," అన్నాడు.

చూసుకుంటున్నాడు, కాదనను. వార్నిష్ పూసి భోజనాల హాల్లో బిగించాడు. వచ్చినవాళ్లు నా పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. దానయ్య, బంగారమ్మ మాత్రం తుపాను షెల్టర్‌లో చీర అడ్డం కట్టుకుని ఉంటున్నారు.

మొన్న బంగారమ్మ వంటింట్లో చేపలు ఇవ్వడానికి వచ్చింది. హాల్లో ఎవరూ లేరు. గంప దించి, తడి చెయ్యి చీరకి తుడుచుకుని, ఇంట్లోకి వెళ్లేటప్పటిలాగే నన్ను తోసింది. ఇంకోసారి గట్టిగా తోసింది.

నా వెనక గోడ ఉంది.