యాభై లోపు

తడిగుడ్డ పిండి భార్య మెడ కింద తుడిచాడు. ఆ తరువాత చెవుల వెనక, చేతివేళ్ల సందుల్లో. నాలుగు నెలలుగా ఆస్పత్రిలో ప్రతి ఉదయమూ అదే వరస. పక్కబట్ట మార్చడానికి ఆమెను రెండు చేతుల మీదా ఎత్తినప్పుడు మాత్రం, వద్దనుకున్నా అతడి చేతులు లెక్క చెప్పేశాయి. ముప్పై ఒకటిన్నర కిలోలు. పోయిన వారం ముప్పై మూడు.

దుకాణాల్లో తూకాలు పరీక్షించి సీలు వేసే ఉద్యోగం అతడిది. ముప్పయ్యేళ్లుగా రాళ్లూ గుండ్లూ ఎత్తీ దించీ ఆ చేతులు పొరపాటు పడడం మరిచిపోయాయి. వర్తకులు అతడికి తక్కెడ అని పేరు పెట్టారు. మొదట్లో వెటకారానికే పెట్టారుగానీ, రానురాను ఆఫీసులో పై అధికారి కూడా అలాగే పిలవసాగాడు.

“గోలీలాటకు వేళయింది. కదలరేం?” అంది భార్య. నలిగిన కాగితంలాంటి గొంతు.

“ఇవాళ వెళ్లను.”

“వెళ్లక? ఆ ముఖం వేసుకుని నా ఎదురుగా కూర్చుంటారా? ఉన్న జబ్బు చాలదూ నాకు?”

ఆమె చెల్లెలు ఫ్లాస్కు పట్టుకుని గదిలోకి వచ్చింది. “నేనున్నాను కదా బావగారూ. రెండు గంటలేగా, వెళ్లి రండి” అంది.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు అతడు గమనించాడు కానీ అర్థం చేసుకోలేదు. నిన్న సాయంత్రం డాక్టరు అతణ్ణి వరండాలోకి పిలిచి, ఈ వారం గడవడం కష్టమన్నాడు. ఆ మాట ఈ గదిలోకి రానివ్వలేదనే అతడి నమ్మకం. ఇంకాసేపు నిలబడితే ముఖమే చెప్పేస్తుందని భయం వేసింది. ఆమె కాళ్ల మీద దుప్పటి సర్ది బయటపడ్డాడు.

ఆమె గోలీలాటని వెక్కిరించే గోల్ఫ్ ఆడేది మునిసిపాలిటీ మైదానంలో, బస్సులో రెండు స్టాపుల దూరం. తొమ్మిది గుంటలు. పచ్చిక అక్కడక్కడా బోడిగుండైపోయి ఉంటుంది. కర్రలు అక్కడే అద్దెకిస్తారు. ప్లంబర్లు, గుమాస్తాలు, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సులు, ఎవరైనా ఆడొచ్చు. ఇరవయ్యేళ్ల కిందట అక్కడి క్యాంటీన్లో కాటా పరీక్షించడానికి వచ్చాడతడు. టీ తాగుతున్న ఒక దర్జీ, “అంత సూటిగా చూస్తున్నావు, ఒక్క దెబ్బ కొట్టి చూడు” అని చేతికి కర్ర ఇచ్చాడు. అప్పటి నుంచీ సెలవు రోజున ఇద్దరూ కలిసే ఆడుతున్నారు. బంతిని గుంటలో వెయ్యడానికి దెబ్బలు ఎంత తగ్గితే అంత గొప్ప. తొమ్మిది గుంటలకూ కలిపి అతడి రికార్డు యాభై రెండు దెబ్బలు. యాభై లోపు ఏనాడూ రాలేదు.

“ఎలా ఉంది?” అన్నాడు దర్జీ.

“అలాగే ఉంది.”

దర్జీ అద్దె కర్ర ఒకటి తెచ్చి అతడి చేతికిచ్చాడు.

మొదటి గుంటకు ముందు చిన్న నీటి మడుగు ఉంది. కర్ర ఎత్తి నిలబడ్డప్పుడు తన ప్రమేయం లేకుండానే ఒక మాట అతడి లోపల పలికింది. ఈ బంతి నీళ్లు దాటితే డాక్టరు చెప్పింది తప్పు. సిగ్గేసింది. రాయికి రాయి పెట్టి చూస్తే తప్ప దేన్నీ నమ్మని మనిషి తను. అయినా కొట్టాడు. బంతి నీళ్ల మీదుగా వెళ్లి అవతలి గట్టున పడింది. 

ఆ తరువాత ఆ మాట అతణ్ణి వదల్లేదు. రెండో గుంట దాటేసరికి బేరం పెద్దదయింది. యాభై లోపు ఆట ముగిస్తే ఆమె ఇంటికి వస్తుంది. తన కాళ్ల మీద తను నడిచి మెట్లెక్కుతుంది. ఇది ఎవరితో చేసుకుంటున్న బేరమో అతడికే తెలియదు.

మూడో గుంట దగ్గర దర్జీ అతణ్ణి నవ్వించాలని చూశాడు. “పెళ్లైన కొత్తలో మీ ఆవిడ తెచ్చిన పంచదార తూచావటగా?”

“నలభై గ్రాములు తగ్గింది మరి.”

“తగ్గితే?”

“పొట్లం పట్టుకుని కొట్టుకెళ్లాను. ఆ కాటాకి తాళం వేయించి వచ్చాను. వచ్చేసరికి మా ఆవిడ వంటింటికి తాళం వేసుకుని కూర్చుంది. నా వంటలో ఉప్పు తూచనని మాటిస్తేనే తీస్తానంది.”

దర్జీ పొట్ట పట్టుకుని నవ్వాడు. అతడు కూడా నవ్వాడు. ఎన్నాళ్ల తరువాతో, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

ఐదో గుంటలో రెండు దెబ్బలు వృథా అయ్యాయి. ఆరో గుంటలో దూరం నుంచి కొట్టిన బంతి దొర్లుకుంటూ పోయి తిన్నగా గుంటలో పడింది. “ఏమైందయ్యా నీకివాళ!” అన్నాడు దర్జీ.   అతడు ప్రతి దెబ్బకూ ముందు జేబులో ఫోను తడుముకుంటున్నాడు. మోగలేదంటే బేరం నిలిచి ఉన్నట్టే.

ఎనిమిదో గుంట దారిలో బంతి ఒక చెట్టు వేరు సందులో ఇరుక్కుంది. అక్కడి నుంచి కొడితే ఎటూ పోదు. చేత్తో తీసి పక్కన పెట్టుకోవచ్చు, కానీ ఒక దెబ్బ కలుపుకోవాలి. కలిపితే యాభై లోపు ముగియదు. దర్జీ పది అడుగుల దూరంలో ఉన్నాడు. అతడు బూటు కొనతో బంతిని జానెడు పక్కకు నెట్టాడు.

ముప్పయ్యేళ్లలో ఎన్ని వందల మంది వర్తకులు తక్కెడ పళ్లెం కింద వేలు పెడుతుంటే పట్టుకున్నాడో! తలెత్తేసరికి దర్జీ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. చాలాసేపు తుడిచాడు.

“మంచిచోటే పడింది. కొట్టు” అన్నాడు చివరికి, మరోవైపు చూస్తూ.

ఎనిమిది గుంటలకు నలభై ఐదు. ఆఖరి గుంటలో నాలుగు దెబ్బలకు మించకూడదు. మొదటిది బాగానే వెళ్లింది. రెండోది పచ్చిక అంచున ఆగింది. మూడోది గుంటకు రెండడుగుల ఇవతల నిలిచింది. దర్జీ తన ఆట ముగించి, గుంటలో గుచ్చి ఉన్న జెండా కర్ర పీకి పక్కన పడుకోబెట్టాడు.

అతడు బంతి మీదకు వంగాడు. జేబులో ఫోను మోగింది.

తీసి చూశాడు. మరదలు. ఎత్తలేదు. ఎత్తకపోతే ఇంకా ఏమీ జరగనట్టే. మోగుతున్న ఫోనును గడ్డి మీద పెట్టి, రెండు చేతులతో కర్ర పట్టుకున్నాడు.  ఊపిరి బిగబట్టి మెల్లగా తోశాడు. బంతి వంకర తిరిగి, అంచు మీద ఒక క్షణం ఆగి, లోపల పడింది. నలభై తొమ్మిది.

అప్పుడు ఫోనెత్తాడు.

“బావగారూ, అక్క పోయింది.”

“ఎప్పుడు?”

“మీరు వెళ్లిన ముప్పావు గంటకి. ఆట అయ్యేదాకా పిలవొద్దని నాచేత ఒట్టేయించుకుంది. నేనుండనీ పోనీ, ఆ రెండు గంటలూ ఆయన్ని వదిలెయ్యమంది. గడియారం చూస్తూ కూర్చున్నాను బావగారూ. నన్నేమీ అనకండి.”

“అననమ్మా” అన్నాడు.

ముప్పావు గంట. బస్సుకు పది నిమిషాలు తీసేశాడు. మూడో గుంట. తను నవ్వుతూ ఉన్నాడప్పుడు. ఆ తరువాత కొట్టిన ప్రతి దెబ్బా, వేరు దగ్గర బూటు కదిపిన ఆ క్షణమూ, అన్నీ ఆమె పోయాకే.

దర్జీ దగ్గరకు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. 

“ఎనిమిదో గుంట దగ్గర బంతిని కాలితో నెట్టాను” అన్నాడతడు.

“చూశాను.”

“ఒక దెబ్బ కలుపు.”

“ఇప్పుడెందుకురా అదంతా?”

“కలుపు. యాభై అని రాయి. వెళ్లగానే ఎన్నని అడుగుతుంది.”

ఆ మాట అన్నాక నోరు తెరుచుకునే ఉండిపోయింది. అందులోంచి వచ్చిన శబ్దం ఇరవయ్యేళ్ల స్నేహంలో దర్జీ ఎన్నడూ విననిది. అతణ్ణి పొదివి పట్టుకుని, రెండు కర్రలూ చంకన ఇరికించుకుని, గేటు వైపు నడిపించాడు.

వెనక ఆడుతున్న ఇద్దరు నర్సులు ఆ గుంట దగ్గరకు వచ్చి ఆగారు. జెండా కర్ర పచ్చిక మీద అడ్డంగా పడి ఉంది. గుంట అడుగున, ఒక పక్క మట్టి అంటుకుని, ఎవరూ తీసుకోని బంతి.