తాడుకు అటు కొస

సంపు మూత తీసి, లోపలి ఆవిరి పోయేదాకా ఆగి, వదిన నడుముకు తాడు కట్టుకుని నిచ్చెన దిగింది. తాడు రెండో కొస ఆడపడుచు చేతిలో ఉంది. వదిన భయమంతా అదే.

పెద్ద భవనాల కింద నీళ్ల సంపులు కడగడం వాళ్లిద్దరి పని. లోపల ఒకరు, పైన ఒకరు. పైనున్న మనిషి కాసేపటికోసారి పిలవాలి, లోపలి మనిషి పలకాలి. పలకకపోతే లాగెయ్యాలి. ఎంత గాభరా పుట్టినా పైనున్న మనిషి మాత్రం దిగకూడదు. దిగితే ఇద్దరూ పోతారు. మూడు వారాలుగా వాళ్లకు మాటల్లేవు. అందుకని పిలుపు మానేసి తాడు గుంజడం పెట్టుకున్నారు. పైనుంచి రెండు గుంజులు, కిందినుంచి రెండు.

ఏదో గిన్నె దగ్గర మొదలైన గొడవలో ఆడపడుచు, "మా అన్నే పోయాడు. ఇంక నువ్వు నాకేమవుతావు?" అనేసింది. ఆ మాట వదిన గుండెలో దిగబడిపోయింది.

ఆదివారం బైబిలు తరగతిలో టీచరమ్మ, దేవుడు ఏనాడూ ఒంటరివాడు కాడని చెప్పింది. కుమారుడు లేకుండా తండ్రి అన్న మాటే లేదట. లోకం పుట్టకముందే తండ్రి, కుమారుడు, ఆత్మ ఒకరినొకరు ప్రేమిస్తూ ఉన్నారట. ఆయన పోలికలో పుట్టాం గనుక మనమూ ఒంటరిగా మనుషులం కాలేమట. వదిన ఉండబట్టలేక, ఎవరికీ ఏమీ కాని మనిషి సంగతేమిటని అడిగింది.

"నిన్ను పిలిచేవాళ్లు ఒక్కరూ లేరా?" అంది టీచరమ్మ.

వదిన బైబిలు మూసి లేచి వచ్చేసింది.

ఇప్పుడు చిన్న టార్చి వెలుగులో గోడ గీకుతుంటే ఘాటు ముక్కుకెక్కింది. ఎవరో లోపల కొత్తగా రంగు పూసినట్టున్నారు. తల తిరుగుతోంది. గుంజు రావలసిన వేళ దాటిపోయింది. తనే రెండుసార్లు గుంజింది. తాడు బిగుసుకుంది గాని బదులు లేదు. వదిలేసి వెళ్లిపోయిందా? పిలుద్దామంటే మూడు వారాల పంతం అడ్డం వచ్చింది.

అంతలో పైనున్న వెలుతురు మూసుకుపోయింది. నిచ్చెన కిర్రుమంది. ఆడపడుచు పాదం మొదటి మెట్టు మీద ఉంది.

అంతవరకూ పడ్డది అసలు భయమే కాదనిపించింది వదినకు.

"దిగకు పిల్లా! కాళ్లు విరగ్గొడతా!"

పాదం ఆగింది. "బతికే ఉన్నావా వదినా? ఎంత గుంజినా పలకవేం?"

"నేనూ గుంజుతూనే ఉన్నానే. తాడు ఎక్కడో పట్టేసింది. ముందు నువ్వు పైకెక్కు."

నిచ్చెన మేకుకు చిక్కిన తాడు విడిపించుకుని వదిన పైకొచ్చింది. ఇద్దరూ ఎండలో కూలబడ్డారు. ఆడపడుచు పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"నీ పంతం సంగతి తెలుసుగా. చచ్చిపోయినా నాతో చెప్పవనుకున్నా" అంది.

రెండో సంపు మిగిలే ఉంది. మూత తీసి చూస్తే అందులో రంగు ఘాటు లేదు. అది ఆడపడుచు వంతు. నేనే దిగుతానని వదిన అంటే, ముందు నీ మొహం అద్దంలో చూసుకోమని కొట్టిపారేసి దిగిపోయింది.

వదిన మూత పక్కన బోర్లా పడుకుని తాడు గట్టిగా పట్టుకుంది. లోపల ఉన్నప్పుడు గీకడానికి గోడైనా ఉంది. ఇక్కడ పట్టుకుని ఉండడమే పని. కుమారుణ్ణి కిందికి పంపిన తండ్రికి కూడా ఇలాగే గాభరా పుట్టిందా అనుకుంది. టీచరమ్మని అడగాలి.

"పిల్లా."

"ఆఁ, వదినా."

పది లెక్కపెట్టేలోపే మళ్లీ పిలిచింది.

"ఇప్పుడే కదా పలికాను" అని లోపలినుంచి విసుగు.

అయినా మళ్లీ పిలిచింది.