జోడు వాల్వులు

కొత్తకోట బస్టాండు వెనక సాంసన్ రిపేరు దుకాణంల ప్రతి శనివారం ఒకటే పని. ఆదివారం చర్చిల గిటారు సౌండు పెంచే పాత ఆంప్‌ను బల్ల మీదికెక్కిస్తడు. లోపలి రెండు గాజు వాల్వులు బల్బుల్లెక్క వెలిగి మంచిగ కాగినంక, ఒక్కోదానికి ఒక మీటర్ తగిలిస్తడు. రెండు ముండ్లు ముప్పై అయిదు మీదికొచ్చేదాక చిన్న స్క్రూ తిప్పుతడు. కరెంటు ఎక్కువైతే వాల్వు ఎర్రగై కాలిపోతది, తక్కువైతే పాట పీలగొస్తది.

ఆ టైంల బల్ల మీద చెయ్యి పెట్టినోళ్ల గుణం గూడ వాల్వులకెక్కుతది. స్క్రూతోపాటు మనిషీ సర్దుకుంటడు. ఇది కొత్తకోటల అందరికీ ఎరికే. ధాబాల కొట్లాడే డ్రైవర్లను క్లీనర్లు, కోపిష్టి మొగుళ్లను పెండ్లాలు పట్టుకొస్తరు. "జర తగ్గించన్నా" అంటరు, తగ్గిస్తడు. పెంచుమని ఇంతవరకు ఎవరూ అడగలె. మొగునికి కోపం తక్కువైందని ఏడ్చినోళ్లు ఏడనన్న ఉన్నరా?

మొన్న శనివారం అలంపూర్ దిక్కుకెల్లి తిరుపతమ్మ తన మొగుడు మల్లయ్యను తోలుకొచ్చింది. పుణెల బిల్డింగు పనికాడ తమ్ముడు భీమన్న మూడో అంతస్తుకెల్లి పడి సచ్చిపోయిన కాన్నుంచి మల్లయ్య నోరు తెరవలె. ఆర్నెల్లాయె. ముందల పెడితే రెండు బుక్కలు తింటడు, పెట్టకుంటే అడగడు.

"దవాఖానల ఏం రోగం లేదన్నరు. నాకైతే గీయన గిట్లనే ఆరిపోతడని భయమైతుందన్నా," అన్నది.

మల్లయ్య చెయ్యి బల్ల మీద పెట్టి, జారిపోకుండ దాని మీద తన చెయ్యి ఒత్తి పట్టింది. ఎడమ వాల్వు మల్లయ్యదైంది, దాని ముల్లు పది కాడ పండింది. కుడిది తిరుపతమ్మది, నలభై ఎనిమిది దాటింది. కూలి, బర్లు, పిల్లలు, ఈ మనిషి, అన్నీ ఒక్కతే మోస్తున్నదాయె.

"చెయ్యి తియ్యి వదినా," అన్నడు సాంసన్. "రెంటికీ ఒకటే స్క్రూ. ఆయన్ని పెంచితే నువ్వూ పెరుగుతవ్. కాలిపోతవ్."

"నేను తీస్తే ఆయనా తీస్తడు. నువ్వు పెంచు."

సాంసన్ మనసుల తిట్టుకుంటనే తిప్పిండు. పది పదిహేనైంది. తిరుపతమ్మది అరవైకి పోయింది. కుడి వాల్వు లోపలి రేకు ఎర్రబడ్డది. తిరుపతమ్మ మొఖం నిండ చెమటలు.

"ఇంకా," అన్నది.

ఇరవై. డెబ్బై. ఆమె చెయ్యి మాత్రం తియ్యలె.

మల్లయ్య ఎర్రటి వాల్వును చూసిండు. పెండ్లాన్ని చూసిండు.

"ఆపు తమ్మీ," అన్నడు, తుప్పు పట్టిన గొంతుతోని. "నా పెండ్లాం కాలిపోతది."

సాంసన్ స్విచ్ బంద్ చేసిండు. తిరుపతమ్మ బల్లకు ఒరిగి గట్టిగ ఏడ్చింది. కుడి వాల్వు ఖరాబైంది. తెల్లారి చర్చిల గిటారు లేకుండనే పాడుకున్నరు.

ఆ శనివారం సాయంత్రమే తిరుగు బస్సుల తిరుపతమ్మ కూసోంగనే మొగుని భుజం మీద నిద్రపోయింది. కండక్టర్ "టికెట్, టికెట్" అని అరుచుకుంట వచ్చిండు. ఆడోళ్లకు బస్సు ఫ్రీ గదా, మల్లయ్య ఆమె సంచిలకెల్లి ఆధార్ కార్డు తీసి చూపెట్టిండు.

"అలంపూర్ చౌరస్తా. నాకొక టికెట్, ఈమెకు జీరో టికెట్," అన్నడు. "మెల్లగ మాట్లాడు సారూ, పండుకుంది."