కాంపౌండరుగారి యాభై సీసీ

నేను ఒక చిన్న టూ-స్ట్రోక్ బండిని. ప్రభుత్వ కాగితాల్లో నన్ను మోటార్ సైకిల్ అనే రాశారు గానీ, ఊళ్ళో ఎవరూ ఆ గౌరవం ఇవ్వలేదు. ఇంజను నలభై తొమ్మిది సీసీ. గేర్లు లేవు. స్టాండు మీద నిలబెట్టి పెడల్ నాలుగుసార్లు తొక్కితే లేస్తాను, లేకపోతే లేదు. ఎదురుగాలిలో నాకంటే సైకిల్ ముందు పోయిన రోజులున్నాయి. చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

నా గురించి ఒక్క విషయం ముందే చెప్పాలి. ఇప్పటి బళ్ళకు ఇంజన్ ఆయిల్ వేరే గదిలో ఉంటుంది. నాకు దాన్ని పెట్రోల్లోనే కలిపి పోయాలి. లోపల పిస్టన్ అరగకుండా కాపాడేది ఆ నూనే. పెట్రోలుతో పాటు అదీ కాలుతుంది కాబట్టి వెనక నీలంగా పొగ వస్తుంది. జనం దాన్ని నా జబ్బు అనుకుంటారు. అది నా ఆరోగ్యం. ముప్పై ఏడేళ్ళుగా ఈ మాట ఎవరికీ చెప్పలేకపోయాను, చెప్పే నోరు లేదు కనక.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో కందుకూరు షోరూములో నన్ను కొన్నది చెంచురామయ్యగారు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించి, హ్యాండిల్‌కి బంతిపూల దండ వేసి, అక్కడినుంచి ఇరవై ఒక్క ఏళ్ళపాటు నన్ను దుమ్ములో తిప్పాడు. వెనక క్యారియర్ మీద ఒక అల్యూమినియం క్యాను ఉండేది. దాన్నిండా ఎముకలు కొరికే చలి, ఆ చలిలో మేలుజాతి దున్నపోతుల విత్తనం. మూత తీస్తే తెల్లటి మంచుపొగ లేచేది. కింద నా పొగ, పైన దాని పొగ. ఈ రెండు పొగల మధ్య చెంచురామయ్యగారు ఖాకీ నిక్కరుతో, మహా గంభీరంగా కూర్చుని ఊరూరా పోయేవాడు.

“అయ్యా, మా బర్రె ఎదకొచ్చింది, బిన్నా రావాలి” అని మనిషి పరిగెత్తుకొస్తే, అన్నం కంచం ముందునుంచి లేచి నన్ను తీసేవాడు. ఆ చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళలో పుట్టిన దూడల్లో సగానికి పైగా నా సాయంతో పుట్టినవే. తండ్రిగా ఒక్కచోటా నా పేరు రాయలేదు. ఆ దున్నపోతుల పేర్లూ రాయలేదు కాబట్టి నాకు బాధ లేదు.

ఆయనకొక అలవాటు ఉండేది. పెట్రోల్లో నూనె కలపడానికి అందరూ సీసా మూతతో అందాజుగా పోసేవాళ్ళు. ఈయన మాత్రం పశువులకు మందు ఎక్కించే యాభై మిల్లీలీటర్ల సిరంజి ఒకటి నాకోసం వేరే పెట్టాడు, కన్నకొడుకునైనా దాని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. నూనె పీల్చి, సిరంజిని వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి గీత చూసి, గాలిబుడగ వదిలించి మరీ పోసేవాడు. రోగికి బుడగ ఎక్కితే ప్రమాదం గానీ బండికేమిటని ఎవరూ ఆయన్ని అడగలేదు. నాకైతే ఆ మర్యాద నచ్చింది.

రెండు వేల తొమ్మిదిలో ఆయన రిటైరయ్యాడు, మోకాళ్ళూ రిటైరయ్యాయి. అదే ఏడు ఇంట్లో మనవరాలు సుప్రజ పుట్టింది. నన్ను పశువుల కొట్టంలో చొప్పమోపుల పక్కన నిలబెట్టారు. పదహారేళ్ళు నిలబడ్డాను. సీటు మీద కోళ్ళు గుడ్లు పెట్టాయి, ట్యాంకు లోపల తుప్పు పెచ్చులు కట్టింది, మిగిలిపోయిన పెట్రోలు వార్నిష్‌లా చిక్కబడింది. ఏడాదికొకసారి పాత సామాన్లవాడు వచ్చి అడిగేవాడు. “ఉండనీలే, దాని తిండేమన్నా మనం పెడుతుండామా” అనేవాడు చెంచురామయ్యగారు. కొన్ని ప్రాణాలు ఇలాంటి బద్ధకపు మాటల మీదే నిలబడతాయి.

ఆ పదహారో ఏడు వానలకు వాగు మీద కల్వర్టు కొట్టుకుపోయింది. మా నేలటూరిపాడుకి బస్సు రావడం ఆగిపోయింది. సుప్రజ కందుకూరులో ఇంటర్ మొదటి సంవత్సరం. పన్నెండు కిలోమీటర్లు. వాగులో దిగి పోయే ఆటోల్లో పద్నాలుగు మందితో కుక్కుకుని కొన్నాళ్ళు పోయింది. ఒకరోజు ఆటో వాగులో ఒరిగి, పిల్ల మోచెయ్యి చీరుకుపోయి ఏడు కుట్లు పడ్డాయి. వాళ్ళ నాన్న మాల్యాద్రి పొగాకు రైతు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ వెలిగించాడంటే పొద్దు పొడవకముందే పోయి మంట చూసుకోవాలి, పిల్లని దించిరావడం కుదరదు.

“ఇంగ ఆటో ఎక్కేది లేదు. ఈ ఏడు ఆపేయ్. వచ్చే ఏడు చూద్దాం” అన్నాడు.

వచ్చే ఏడు చూద్దాం అని ఆగిపోయిన చదువులు ఆ వీధిలోనే మూడు ఉన్నాయి. సుప్రజకు ఆ ముగ్గురూ తెలుసు. ఏడవలేదు, అన్నం మానలేదు. రెండు రోజులు ఫోను పట్టుకుని ఏదో వెతికింది. మూడో రోజు తండ్రి ముందు నిలబడింది.

“నాన్నా, పదహారేళ్ళకే లైసెన్సు ఇస్తారంట. గేర్లు లేకుండా, యాభై సీసీ లోపు బండయితే.”

“అట్టాంటి బండి ఇప్పుడు యాడ దొరకతదే? అయ్యి ఎప్పుడో పొయినాయి.”

పిల్ల కొట్టం వైపు చూసింది. తర్వాత తండ్రి చూశాడు. ఆఖరికి మంచం మీదున్న తాత చూశాడు. పదహారేళ్ళలో నన్ను ముగ్గురు ఒకేసారి చూడటం అదే మొదలు. నాకు గొప్పగా అనిపించింది, దాచుకోను. ఒకప్పుడు నా చిన్నదనాన్ని చూసి నవ్విన లోకంలో, చిన్నదాన్ని కావడం వల్లే ఇవాళ ఒక పిల్లకు అవసరమయ్యాను.

నన్ను ట్రాలీ ఆటోలో వేసి కందుకూరులో ఖాదర్ మస్తాన్ షెడ్డుకి తీసుకెళ్ళారు. ఆయనకు డెబ్బై దాటాయి. కొత్త బళ్ళు ముట్టడు. చెంచురామయ్యగారిని చూసి లేచి నిలబడి, “ఏం సామీ, మీ దూడలబండి ఇంకా బతికే ఉండాదా?” అన్నాడు. నా చుట్టూ ఒకసారి తిరిగి, పెడల్ తొక్కి, ఇంజను బిగుసుకుపోయిందని తేల్చాడు. తర్వాత సుప్రజ వైపు తిరిగాడు.

“చేస్తా పాపా. కానీ నువ్వు పక్కన కూచోవాల. రేపు వాగు కాడ ఆగిపోతే మస్తాన్ తాత రాడు. దీన్ని తెలుసుకున్నోళ్ళే దీన్ని నడపగలరు.”

పది ఆదివారాలు ఆ పిల్ల వచ్చి కూర్చుంది. నా ట్యాంకులో నానబెట్టిన చింతపండు నీళ్ళూ, గుప్పెడు గులకరాళ్ళూ పోసి ఊపమన్నాడు. చేతులు పడిపోయేదాకా ఊపింది, తుప్పంతా ఎర్రటి బురదై బయటికొచ్చింది. నా పొగగొట్టాన్ని కట్టెల మంటలో కాల్చి, లోపలి మసిని దులిపించాడు. అరిగిన సిలిండర్ గోడను నున్నగా బోరు కొట్టించి కొత్త పిస్టన్ వేశాడు. నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మధ్య సందు కొలవడానికి పరికరాల పెట్టెలోంచి ఒక పాత పోస్టుకార్డు తీశాడు. “ఇది పడితే చాలు, రెండోది పట్టకూడదు” అన్నాడు. ఆ కార్డు మీద ఎవరో ఎవరికో రాసిన క్షేమసమాచారాలు ఉన్నాయి, అంచు మాత్రం గ్రీజుతో నల్లబడి ఉంది.

ఆఖరి ఆదివారం తాత సిరంజి తెచ్చి మనవరాలి చేతిలో పెట్టాడు. మస్తాన్ కొలత చెప్పాడు. కొత్త పిస్టన్ సర్దుకునేదాకా లీటరుకు యాభై, అంటే సిరంజి నిండా ఒకటి. “పొగ చూసి భయపడబాక. పొగ రాకపోతే భయపడు” అన్నాడు.

ఆ మాట విన్నది సుప్రజ ఒక్కతే. మాల్యాద్రి అప్పుడు బయట టీ తాగుతున్నాడు. మనుషుల కష్టాల్లో చాలావాటికి ఇంతకుమించి కారణం ఉండదు.

కాగితాలు కొత్తవి చేయించారు, ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం అంటించారు. నెల రోజులు పిల్ల కళ్ళం చుట్టూ నన్ను తిప్పింది. ఆ నెలంతా మాల్యాద్రికి నాతో ఒకటే గొడవ. “ఏందే ఈ పొగ, ఇంట్లో ఉండనీదు” అని కిటికీలు మూసేవాడు. రోజంతా బ్యారన్ దగ్గర పొగాకు కాల్చే మనిషికి చెంచాడు నూనె పొగ పడలేదు. నేను పట్టించుకోలేదు.

లైసెన్సు పరీక్ష కందుకూరులో, సోమవారం పదింటికి. అది తప్పితే మళ్ళీ తేదీ దొరికేసరికి కాలేజీలో హాజరు చాలక పరీక్ష ఫీజు కట్టించుకోరని లెక్చరర్ చెప్పింది. అంటే ఆ సోమవారం పోతే ఆ ఏడు పోయినట్టే.

ఆదివారం సాయంత్రం, పిల్ల ఇంట్లో లేనప్పుడు, మాల్యాద్రి నా దగ్గరికొచ్చాడు. నా సీటు మీద దుమ్ము తన తువ్వాలుతో తుడిచాడు. చదువు ఆపెయ్యమన్న మనిషికి ఇప్పుడు ఏదో ఒకటి చెయ్యాలనిపించిందేమో. నన్ను నడిపించుకుంటూ బంకు దాకా తీసుకెళ్ళి ట్యాంకు నింపించాడు. ఉన్న అడుగూబొడుగుతో కలిపి మూడు లీటర్లు. ఒట్టి పెట్రోలు. కూతురికి తెలియకుండా చేసిన మంచిపని కదా, ఎవరికీ చెప్పలేదు. ఇంత ప్రేమగా నన్ను చంపబోయినవాడు నా జీవితంలో మరొకడు లేడు.

సోమవారం తొమ్మిదికి బయల్దేరాం. నేర్చుకునేవాళ్ళ వెనక లైసెన్సు ఉన్నవాళ్ళు కూర్చోవాలి కాబట్టి మాల్యాద్రి హెల్మెట్ పెట్టుకుని వెనక ఎక్కాడు. పైపులో మిగిలిన పాత మిశ్రమం కాలినంతసేపు కొంచెం పొగ వచ్చింది. ఊరు దాటాక అదీ సన్నగిల్లింది. లోపల నాకు ఎండుతోంది. పిస్టన్ గోడలకు రాసుకుంటోంది. ఇంకో మూడు కిలోమీటర్లు పోతే పట్టేసుకుంటుందని నాకు తెలుసు. పది ఆదివారాలు నా కోసం కష్టపడిన పిల్ల చేతులు గుర్తొచ్చాయి. అంతకుమించి నేను చేయగలిగిందేమీ లేదు.

వాగు దగ్గర మాల్యాద్రి దిగాడు. నీళ్ళు మడమల దాకా ఉన్నాయి. పిల్ల నెమ్మదిగా నన్ను అవతలి గట్టు ఎక్కించింది. చెప్పులు చేత పట్టుకుని వెనకే నీళ్ళు దాటుతూ ఆయన ఆనందం పట్టలేక కేకేశాడు.

“సుప్రజా! ఒక్క చుక్క పొగ లేదే! కొత్త బండి మాదిరి పోతుండాది!”

సుప్రజ వెంటనే ఇంజను కట్టేసింది.

“అసల్లేదా నాన్నా?”

“అసల్లేదు! మస్తాను మొనగాడే.”

పిల్ల దిగి ట్యాంకు మూత తీసింది. వేలు ముంచి బొటనవేలితో రుద్ది చూసింది. పెట్రోలు ఇట్టే ఆరిపోయింది, వేలికి జిడ్డు తగల్లేదు.

“పెట్రోలు ఎవరు పోశారు?”

“నేనే. నిన్న నింపుకొచ్చా. నీకు దావలో అయిపోతదని...”

“నూనె?”

“ఏం నూనె?” అన్నాడు మాల్యాద్రి. తర్వాత కూతురి ముఖం చూశాడు. ఆయన చేతిలో చెప్పులు అలాగే ఉన్నాయి.

అరవాల్సిన చోట ఆ పిల్ల అరవలేదు. సీటు కింద పెట్టెలోంచి సిరంజీ, నూనె సీసా తీసింది. సీసాలో వంద మిల్లీలీటర్లే ఉంది, రెండు లీటర్లకు సరిపోతుంది. తండ్రి రెండో చేతిలోని మంచినీళ్ళ సీసా తీసుకుని, నీళ్ళు వాగులో పారబోసి, నా ట్యాంకులోంచి లీటరు పెట్రోలు అందులోకి దించింది. సిరంజిని ఎండకెత్తింది. ఒక కన్ను మూసింది. బుడగ వదిలించింది. చెంచురామయ్యగారి వేళ్ళే నాకు మళ్ళీ తగిలినట్టయింది. రెండు సిరంజిలు పోసి నన్ను అటూ ఇటూ ఊపింది.

“ఇంగ పోదామా? తొమ్మిదీ నలభై అయింది” అన్నాడు మాల్యాద్రి గొంతు తగ్గించి.

“లేదు నాన్నా. ఇంజను చల్లారాల. ఇప్పుడు తొక్కితే గీతలు పడతాయి.”

ఇరవై నిమిషాలు ఆ గట్టు మీద కూర్చున్నారు. పిల్ల నా సిలిండర్ మీద అరచెయ్యి పెట్టి చూస్తూ, తీస్తూ, మళ్ళీ పెడుతూ ఉంది. తొందరపడలేదు. మాల్యాద్రి పెట్రోలు సీసా ఒళ్ళో పెట్టుకుని తలొంచుకున్నాడు. “నా చేతుల్తో నేనే చెడగొట్టుండేవాణ్ణి గదే” అన్నాడు. సుప్రజ ఆయన భుజానికి తన భుజం ఆనించింది.

పరీక్ష మైదానానికి మేము చేరేసరికి వరస అయిపోవచ్చింది. ఆఖరి మనిషి సుప్రజ. అధికారి నన్ను చూసి, “ఈ బండి నాకంటే వయసులో పెద్దదమ్మా, జాగ్రత్తగా తిప్పు” అన్నాడు. ఎనిమిది అంకె చుట్టూ నేను నీలం పొగతో ఇంకో ఎనిమిది వేశాను. పిల్ల కాలు కింద పెట్టలేదు.

ఇప్పుడు రోజూ కందుకూరు పోతున్నాం. ఆ పిల్లకు పద్దెనిమిది నిండే రోజు నాకు తెలుసు. ఆ రోజు గేర్ల బండి లైసెన్సు వస్తుంది, నేను మళ్ళీ చొప్పమోపుల పక్కకు పోతాను. కోళ్ళు నా కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. నాకు ఫిర్యాదు లేదు. నాకు అప్పజెప్పిన పని ఒక ఇంటర్మీడియెట్టు, అది పూర్తవుతుంది.

మాల్యాద్రి మాత్రం మారాడు. ఏడున్నరకు బ్యారన్ నుంచి పరిగెత్తుకొచ్చి ఆ సిరంజితో తనే నూనె కలుపుతాడు. నేను లేచాక నా వెనక్కి వచ్చి నిలబడతాడు. ఒకప్పుడు కిటికీలు మూసిన మనిషి నా పొగలో దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, “వస్తుందమ్మా, బాగా వస్తుంది, పో” అంటాడు. మేము మలుపు తిరిగేదాకా అందులోంచి పక్కకు జరగడు.