ప్రార్థనలో తెరిచిన కన్ను

నేను ఒక కెమెరాను. అచ్చంగా పెళ్లిళ్ల కెమెరాను. సముద్రాల అవతల ఏదో కర్మాగారంలో, చేతులకు తొడుగులు వేసుకుని, ముక్కూ నోరూ గుడ్డతో కప్పుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. ఆ గదిలో దుమ్ము రేణువు కూడా ఉండకూడదట. అంత మడిగా పుట్టించిన నన్ను తెచ్చి తెలుగువాళ్ల పెళ్లిళ్లలో పూలరేకుల కిందా, పన్నీటి కిందా, సాంబారు బకెట్ల మధ్యా తిప్పారు. సరే, ఎవరి రాత వారిది.

నాకు రెండు మంచి గుణాలున్నాయని నా పెట్టెలో పెట్టిన చిన్న పుస్తకంలో రాశారు. ఒకటి, చప్పుడు చేయను. రెండు, మసక వెలుగులో కూడా మనిషి ముఖాన్ని నా అంతట నేనే వెతికి పట్టుకుంటాను. ఈ రెండు గుణాలూ కలిసి ఒక ఇంటికి తీరని అన్యాయం చేశాయి. ఆ సంగతి చెప్పుకోవటానికే ఇవాళ నోరు విప్పాను.

నన్ను కొన్న మనిషి పేరు ఆశీర్వాదం. రేపల్లెలో ఫోటో స్టూడియో, యాభై దాటిన వయసు. నాకోసం బెజవాడ దాకా వచ్చాడు. అంతకుముందు ఆయన దగ్గరున్న కెమెరా నొక్కినప్పుడల్లా తలుపు గడియ వేసినట్టు చప్పుడు చేసేదట. చర్చిలో అయ్యగారు ఒక పెళ్లి మధ్యలో ఆగి అందరి ముందూ అడిగేశారట. "దేవుడికి వినపడాల్సింది ఏందయ్యా ఆశీర్వాదం, పెళ్లికొడుకు ప్రమాణమా, నీ మిషనా? ఇంకోసారి దాన్ని తెచ్చావంటే గుమ్మంలోనే ఆపేస్తా."

దుకాణంలో నలుగురు కెమెరాలం వరసగా కూర్చున్నాం. "చప్పుడు ఉండకూడదు. చీకట్లో తడబడకూడదు," అన్నాడు ఆశీర్వాదం. అని ఊరుకోలేదు. "ఒక్కసారి లైట్లు ఆపండి," అన్నాడు. అమ్మేవాడు నవ్వుకుంటూ ఆపాడు. ఒక్కొక్కరినీ కంటికి ఆనించుకుని, గోడమీది క్యాలెండరులో ఉన్న పాపాయి వైపు తిప్పి నొక్కాడు. మొదటిది దారి తప్పినదానిలా గర్రుగర్రుమని ముందుకూ వెనక్కీ తిరిగింది. రెండోది ఠక్కుమంది. మూడోది తీసింది గానీ పాపాయిని వదిలేసి మేకును పట్టుకుంది. నా వంతు రాగానే పాపాయి ముఖాన్ని పట్టి "పిక్" అన్నాను. ముఖం దొరికిందని చెప్పే చిన్న కూత అది. ఆ తర్వాత చడీచప్పుడూ లేకుండా తీశాను.

"ఇది మహా మొండిది సార్," అన్నాడు అమ్మేవాడు. "ముఖం స్పష్టంగా దొరికితేనే తీస్తుంది. దొరక్కపోతే మీరెంత నొక్కినా తియ్యదు. మసక ఫోటో అన్నమాటే ఉండదు."

"అదే కావాల్సింది," అన్నాడు ఆశీర్వాదం.

చప్పుడు సంగతి అయ్యగారి కోసం. చీకటి సంగతి మాత్రం ఆయన సొంతం. ఆ వేళ ఆయన కన్ను నా వెనక ఆనగానే నాకు తెలిసిపోయింది. ఆయనకు రేచీకటి. పొద్దు వాలితే లోకం అరచేతంత మిగులుతుంది, అదీ గుర్తుపట్టరాకుండా. పగటిపూట ఆయనంత పనివాడు ఆ చుట్టుపక్కల లేడు. కానీ పెళ్లిళ్లేమో సాయంత్రాలు. వెలుగు కోసమని కరెంటు కనిపెట్టుకున్న మనుషులు, పెళ్లి రాగానే ఉన్న లైట్లు ఆర్పేసి కొవ్వొత్తులు పెట్టుకోవటం మొదలుపెట్టారు. అదేం ముచ్చటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అయినా మా ఇద్దరికీ ఒద్దిక కుదిరింది. ఆశీర్వాదం పెళ్లికి ముందు వెలుతురు ఉండగానే చర్చికి వెళ్లి, బల్ల నుంచి కుర్చీకి ఎన్ని అడుగులో, కుర్చీ నుంచి మెట్టుకు ఎన్ని అడుగులో లెక్కపెట్టుకునేవాడు. చీకటి పడ్డాక ఆ లెక్క ప్రకారం నిలబడి నన్ను తిప్పేవాడు. నేను ముఖాన్ని పట్టుకుని ఆయన చెవికీ, మహా అయితే పక్కవాళ్లకూ వినపడేట్టు "పిక్" అనేదాన్ని. నొక్కేవాడు. పిక్ అనకపోతే అటో అడుగు, ఇటో అడుగు జరిగి మళ్లీ చూసేవాడు. సంచి మోసే నెపంతో భార్య సుగుణ వెంట వచ్చేది. "కుడిపక్కన కుర్చీ ఉంది," అని గొణిగేది. ఎందుకు చెబుతోందో ఆమె అనలేదు, ఎందుకు చెబుతున్నావని ఆయన అడగలేదు. మొగుడూ పెళ్లాలు ఒకే కంచంలో తింటారు గానీ, ఒక మాటను మాత్రం ఏళ్ల తరబడి ఇద్దరి మధ్యా ముట్టకుండా పెట్టుకోగలరు.

రెండేళ్లు ఇట్లా గడిచాయి. "నీ కన్ను గొప్పదయ్యా," అని జనం మెచ్చుకున్నప్పుడల్లా నన్ను పట్టుకున్న ఆ చేతులకు చెమటలు పట్టేవి.

ఏలీయా గారమ్మాయి ప్రిస్కిల్ల పెళ్లి వచ్చింది. ఏలీయా ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. నిలువెత్తు విగ్రహం. బ్రేకు తొక్కితే బస్సు ఆయన మాట వినేదని చెప్పుకునేవారు. ఏడాది కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. కుర్చీకే పరిమితమయ్యాడు. ఆశీర్వాదానికి ఆయన తోడబుట్టిన అన్నకంటే ఎక్కువ.

పెళ్లికి ముందురోజు ఏలీయా కబురు పెట్టి ఆశీర్వాదాన్ని పిలిపించుకున్నాడు. ఇంట్లోవాళ్లను బయటికి పంపాడు. మాట ముద్దముద్దగా వస్తోంది.

"ఒరేయ్, ఫోటోలన్నిట్లో నేను కుర్చీలోనే ఉంటానంట్రా?"

"అదేం మాటన్నా?"

"రేపు దీవెన ప్రార్థనప్పుడు లేస్తా. నెల రోజుల్నుంచి గోడ పట్టుకుని నేర్చుకుంటన్నా, ఎవరికీ తెలవదు. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటారు గదా. నేను లేవబోయి కూలబడ్డా ఎవడూ చూడడు. అయ్యో పాపం అనేవాడుండడు. నువ్వొక్కడివి కళ్లు తెరుచుకో. నా కూతురి పక్కన నిలబడ్డట్టు ఒక్కటి తియ్యి. చాలు."

"తీస్తానన్నా."

"చప్పుడు రాకూడదురా. ఆ పిక్కు పిక్కు కూడా వద్దు. ఒక్కడు కన్ను తెరిచినా నా కాళ్లు నిలవవు."

ఆశీర్వాదం ఆ పిక్కు లేకపోతే తను గుడ్డివాడేనని చెప్పాలి. చెప్పాడా? చెప్పలేదు. అన్న అడగక అడగక ఒక్కటి అడిగితే కాదనటం ఎట్లా అనుకున్నాడో, ఇన్నేళ్లు దాచింది ఇప్పుడెందుకు అనుకున్నాడో! "అట్టాగే," అన్నాడు. మర్నాడు సాయంత్రం చర్చి గుమ్మంలో నిలబడి, తడిమి తడిమి నా కూతను ఆపేశాడు.

ఇద్దరూ ప్రమాణాలు చేశారు. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ మోకరించారు. వాళ్ల పక్కనే ఏలీయా కుర్చీ. చుట్టూ కొవ్వొత్తులు. "తలలు వంచి కళ్లు మూసుకుని ప్రార్థన చేద్దాం," అన్నారు అయ్యగారు. చర్చి చర్చంతా కళ్లు మూసుకుంది. సుగుణ కూడా మూసుకుంది.

ఆశీర్వాదం పొద్దున లెక్కపెట్టుకున్న చోటే నిలబడి నన్ను సరిగ్గా అటే తిప్పాడు. ఏలీయా తల వంచుకుని ఉన్నాడు. కొవ్వొత్తులు ఆయన వెనక వెలుగుతుంటే ముఖం నల్లగా పడింది. నేను వెతికాను. ముందుకు వెళ్లాను, వెనక్కి వచ్చాను, మళ్లీ వెళ్లాను. ముఖం నాకు దొరకలేదు. మామూలుగానైతే నా కూత వినపడకపోవటంతో ఆయన ఒక అడుగు పక్కకు జరిగేవాడు. ఆ వేళ దొరికినా మౌనమే, దొరక్కపోయినా మౌనమే. ఆయన నొక్కాడు. నేను తీయలేదు. మళ్లీ నొక్కాడు. తీయలేదు. ఇరవైసార్లు నొక్కి ఉంటాడు. తీయవే మొండిదానా, మసకగానైనా ఒక్కటి తీయవే అని నన్ను నేనే తిట్టుకున్నాను. నా చేతుల్లో ఏముంది!

ప్రార్థన ముగిసింది. అందరూ కళ్లు తెరిచేసరికి ఏలీయా కుర్చీలోనే ఉన్నాడు, ముఖం నిండా చెమట. పక్కనుంచి వెళుతున్న ఆశీర్వాదం చెయ్యి పట్టుకుని అడిగాడు.

"పడిందా?"

"పడిందన్నా," అన్నాడు ఆశీర్వాదం. ఆయన నిజంగానే అట్లా అనుకున్నాడు.

మర్నాడు పగటి వెలుగులో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ప్రమాణాల ఫోటో ఉంది. దాని తర్వాతది గుమ్మం బయట పూలు చల్లే ఫోటో. మధ్యలో ఏమీ లేదు. వెనక్కి వెళ్లాడు, ముందుకు వచ్చాడు. కార్డు తీసి ఊది మళ్లీ పెట్టాడు. ఆ తర్వాత స్టూడియో తలుపులు మూసి, చీకట్లో నన్ను కంటికి ఆనించుకుని తన చేతినే చూపించి నొక్కాడు. నేను తీయలేదు. ముఖం దొరక్కపోతే తియ్యదని దుకాణంలో అమ్మేవాడు చెప్పిన మాట గుర్తొచ్చి, ఏం జరిగిందో అప్పుడు తెలిసింది. నన్ను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు.

తేలు కుట్టిన దొంగలా తొమ్మిది రోజులు నోరు మెదపలేదు. "ఆల్బమ్ ఎంతవరకు వచ్చింది బాబాయ్?" అని ప్రిస్కిల్ల ఫోన్ చేస్తే పని మీద ఉన్నానన్నాడు. పదో రోజు ఏలీయాకు పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి ఆసుపత్రి దాకా కూడా వెళ్లలేదు.

సమాధి చేసిన మూడో రోజు ఆశీర్వాదం నన్ను భుజాన వేసుకుని ఆ ఇంటికి వెళ్లాడు. సుగుణ వెంట ఉంది. ప్రిస్కిల్ల ఎదురొచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"వచ్చావా బాబాయ్! చెప్పు మా మేనత్తకు. నాన్న నాతో చెప్పాడు, ప్రార్థనలో నిలబడ్డా, ఆశీర్వాదం తీశాడని. అత్త నమ్మట్లా."

"ఎట్టా నమ్మమంటావే?" అంది మేనత్త. "మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేనోడు నిలబడ్డాడంటే! మందుల మత్తులో కలగని ఉంటాడు, పిచ్చి నాయన."

"ఆ ఫోటో పెద్దది చేయించాలి బాబాయ్. నాన్న జ్ఞాపకార్థ కూడికలో పెట్టాలి."

"ఫోటో లేదమ్మా," అన్నాడు ఆశీర్వాదం. "మిషను తియ్యలా."

"మసకగా పడ్డా పర్లేదు. ఆకారం తెలిస్తే చాలు."

"మసకది కూడా లేదు తల్లీ."

ప్రిస్కిల్ల ఆయన చేతులు రెండూ పట్టుకుంది. "పోనీలే బాబాయ్. నువ్వు చూశావుగా. అందరం కళ్లు మూసుకుంటే నువ్వొక్కడివేగా తెరిచింది. ఎట్టా లేచాడో నాకు చెప్పు. అది చాలు నాకు."

చూశానమ్మా అంటే సరిపోయేది. ఆ ఒక్క అబద్ధంతో ఆ పిల్ల కడుపు చల్లబడేది, ఈయన గుట్టూ దక్కేది. అనవయ్యా అని ఆయన భుజాన వేలాడుతూ ఎంత మొత్తుకున్నానో. ఆశీర్వాదం ఆ పిల్ల చేతుల్లోంచి తన చేతులు తీసుకున్నాడు.

"చూళ్లేదమ్మా. చీకట్లో నాకు కనపడదు. నాలుగేళ్లయింది. ఆ మాట మీ నాన్నకు చెప్పి ఉంటే ఇంకెవరినన్నా పెట్టుకునేవాడు. చెప్పుకోలేకపోయా."

గుమ్మం దగ్గర సుగుణ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన నోటి నుంచి ఆమె ఆ మాట వినటం అదే మొదలు.

"నే చెప్పలా?" అంది మేనత్త మెల్లగా.

ప్రిస్కిల్ల ఆయన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. "అయితే నాన్న నిజంగా లేచాడో లేదో ఎవరికీ తెలవదా బాబాయ్?" అని మాత్రం అడిగింది. ఆశీర్వాదం తల అడ్డంగా ఊపాడు.

ఆ రోజు నుంచి ఆయన పెళ్లిళ్లు మానేశాడు. పగలు స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాడు, దానికి వేరే కెమెరా ఉంది. నన్ను బ్యాటరీ తీసేసి బీరువాలో బట్టల వెనక పెట్టారు. ఇక్కడ నాకు పనీ లేదు, వెలుగూ లేదు. చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం ఉంది, అది ఆ పిల్లకు వినపడేట్టు చెప్పే నోరు లేదు. మీరెవరైనా ప్రిస్కిల్లకు చెప్పండి.

లేచాడమ్మా. నాకు కనపడింది మసకగానే గానీ, లేచిన మనిషిని లేచాడనటానికి ఆ మాత్రం చాలు. ఎడమచేత్తో కుర్చీ చెయ్యి పట్టుకుని రెండుసార్లు లేవబోయి కూలబడ్డాడు. మూడోసారికి లేచాడు. చెయ్యి వదిలేశాడు. అయ్యగారు నీ పేరూ నీ భర్త పేరూ చెప్పి దీవించినంతసేపూ నిలబడే ఉన్నాడు. ఆ ఎడమచేతిని నీ తలమీద ముసుగుకు జానెడు పైన ఆపి పట్టుకున్నాడు. తగిలితే నువ్వు కళ్లు తెరుస్తావని తగలనివ్వలేదు.