పొట్టు గదిలో ఫ్యాను

నేను ఒక ఎగ్జాస్ట్ ఫ్యానుని. గోడకి కన్నం పెట్టి బిగిస్తే లోపలి గాలిని బయటికి తోసెయ్యడం నా పని. అంతకు మించి నాకేమీ చేతకాదు. సీలింగు ఫ్యాన్లకున్న మర్యాద నాకు లేదు. వాటి కింద మంచం వేసుకుంటారు, నా ఎదుట పొయ్యి పెడతారు.

బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో నన్ను తయారు చేశారు. అక్కణ్ణుంచి శ్రీకాకుళంలో ఒక టిఫిను హోటలుకి చేరాను. మిరపకాయ బజ్జీల ఘాటు, పెసరట్ల పెనం మీది పొగ, సాంబారు ఆవిరి అన్నీ నా రెక్కల మీదుగానే బయటికి పోయేవి. వంటమనిషి గౌరీశు పొద్దున్నే ముందు నన్ను వేసి, తరవాత పొయ్యి వెలిగించేవాడు. నేను ఆగిన రోజున ఇద్దరు సర్వర్లనీ, హోటలు యజమానినీ కలిపి తిట్టేవాడు. నా గురించి అంతగా పట్టించుకున్న మనిషి ఇంకొకడు లేడు.

కరోనా వచ్చి హోటలు మూతపడింది. గౌరీశు వాళ్ల ఊరు వెళ్లిపోయాడు. నన్ను పాత సామాన్ల కింద అమ్మేస్తే పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపే కూర్మారావు కొనుక్కున్నాడు. ఆయనకి నా మీద మోజేమీ లేదు. లాక్‌డౌన్ సడలించి ఫ్యాక్టరీలు తెరవనిచ్చినప్పుడు ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి, పనివాళ్లకి మాస్కులు యజమానే ఇవ్వాలని, దూరందూరంగా కూర్చోబెట్టాలని, జ్వరం వస్తే కూలితో సెలవివ్వాలని, గదిలో గాలి ఆడాలని చెప్పి వెళ్లింది. మాస్కులు పంచేశాక, మిగతావాటిలో ఒక్కరోజులో అయిపోయేది నన్ను బిగించడం ఒక్కటే. అందుకని ముందు నన్ను బిగించాడు.

నన్ను పెట్టింది పొట్టు గదిలో. బోర్మా అనే వేడి గదిలో ఆరబెట్టిన పప్పుని అక్కడ ఆడవాళ్లు వరసల్లో కూర్చుని, గోటితోనూ చిన్న చాకుతోనూ ఎర్రటి పొట్టు తీస్తారు. సరిగ్గా నా కింద కూర్చునేది దాలమ్మ. ఆమెకి ఎప్పటినుంచో ఆయాసం. ఆ పక్కనే ఆమె చెల్లెలు మంగమ్మ. తల్లి పోతే మంగమ్మని పెంచింది ఆమె అప్పా అని పిలిచే ఈ అక్కే. ఇప్పుడు మంగమ్మ మొగుడి ఆటో గిరాకీ లేక ఇంటి ముందే ఉండిపోయింది. ఇంట్లో అన్నం ఉడకాలంటే మంగమ్మ వేళ్లే ఆడాలి.

నన్ను వేసిన మొదటిరోజే చిక్కు వచ్చిపడింది. నేను లోపలి గాలిని తోసేస్తుంటే, కిటికీల్లోంచి వానాకాలపు తడిగాలి లోపలికొచ్చింది. తడిగాలి తగిలితే పొట్టు మెత్తబడి పప్పుని పట్టుకుంటుంది. గట్టిగా గీకితే గుండు పప్పు రెండు బద్దలవుతుంది. ఆ ఫ్యాక్టరీలో గుండుకి ఒక కూలి, బద్దలైతే కోత. హోటల్లో నేను ఆగితే తిట్లు, ఇక్కడ తిరిగితే తిట్లు.

"ఒలే, ఈ ఫ్యానేటే మన కొంప తీస్తంది" అంది ఎవరో వెనక వరసలోంచి.

మంగమ్మ పళ్లెంలో సగం బద్దలే ఉన్నాయి. దాలమ్మ అవి చూసింది.

"ఆపీయే, మంగా. నాకేటీ పరవానేదు."

"నీకు ఆయాసం కదప్పా."

"మాస్కు ఉంది కదా. ఆపీ ముందు."

మంగమ్మ లేచి నన్ను ఆపింది. ఆ తరవాత రోజూ ఆపుతూనే వచ్చింది. కూర్మారావు గుమ్మం దగ్గరికొచ్చి నా వైపు చూసేవాడు, ఆగి ఉన్నానని తెలిసీ వెళ్లిపోయేవాడు. ఆయన చెడ్డవాడని నేను అనను. పండక్కి చీరలు పెట్టే మనిషే. ఫ్యాను కొన్నాడు, ఇక తన పని అయిపోయిందనుకున్నాడు. బద్దలు తగ్గితే ఆయనకీ మంచిదే కదా.

జ్వరమని చెబితే ఇంటికి పంపేస్తారు, కూలి ఉండదు. అందుకని వెనక వరసలో ఒకామె జ్వరం మాత్ర మింగి పనికొచ్చింది. తడిగాలి రాకుండా కిటికీలు కూడా మూసి ఉన్నాయి. నేను గోడలో కన్నానికి మూతలా ఉండిపోయాను. ఆ వారంలో ఒకరి తరవాత ఒకరు దగ్గడం మొదలుపెట్టారు. దాలమ్మ దగ్గు మొదలైన రెండోరోజున పప్పు పళ్లెం మీదికి వాలిపోయింది. ఆసుపత్రిలో ఆమె బతకలేదు.

నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ మళ్లీ వచ్చింది. అందర్నీ పొట్టు గదిలోనే నిలబెట్టి, గాలి ఎందుకు ఆడలేదని అడిగింది.

"ఫ్యాను పెట్టించానండమ్మా, చూడండి, బంగారంలా పనిచేస్తంది. వాళ్లే ఆపుకుంటే నానేటి చేసేది?" అన్నాడు కూర్మారావు.

"ఎవరు ఆపారు?"

మంగమ్మ ముందుకొచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది.

"నానేనమ్మగారూ. గుండ్లు బద్దలైపోతన్నాయని నానే ఆపీసినాను."

కూర్మారావు ఊపిరి పీల్చుకున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ ఆమెని వదిలేసి ఆయన వైపు తిరిగింది.

"బద్దలకి కోత పెట్టింది ఎవరు?"

"అది ఎప్పట్నించో ఉన్నదేనమ్మా."

"పెట్టింది ఎవరు?"

ఆయన నేల చూశాడు.

"ఫ్యాను బిగించినంత మాత్రాన మీ పూచీ తీరదు కూర్మారావుగారూ. అది తిరిగేలా చూడాల్సింది కూడా మీరే. అది తిరిగితే వీళ్ల కూలి తగ్గేలా పెట్టారంటే, మీరే ఆపినట్టు లెక్క." తరవాత మంగమ్మతో నెమ్మదిగా అంది. "తప్పు నీది కాదమ్మా."

ఆయన మీద కేసు పెట్టారు. దాలమ్మ ఇంటికి పరిహారం ఇవ్వాలన్నారు. బద్దల కోత ఎత్తేశారు, జ్వరానికి కూలితో సెలవిచ్చారు. ఆడవాళ్లని సగం మంది చొప్పున రెండు పూటలకి పంచి దూరంగా కూర్చోబెట్టారు. మొదటే చెయ్యగలిగిన పనులే ఇవన్నీ.

గది మళ్లీ తెరిచిన పొద్దున కూర్మారావు స్వయంగా వచ్చి నన్ను వెయ్యబోయాడు.

"ఉండండి బాబూ" అని మంగమ్మ అడ్డంగా వచ్చి స్విచ్చు మీద చెయ్యి పెట్టింది. "నా తప్పు కాదన్నారు అమ్మగారు. కోత మీది, నిజమే. కానీ అప్ప ఆయాసపడతంటే పక్కన కూకుని చూసింది మాత్రం నానే కదా."

కూర్మారావు పక్కకి జరిగాడు. ఎవరు బాధ్యులో చట్టం తేల్చింది. ఆ తేల్చినది మంగమ్మకి నిద్ర పట్టించలేదు.

ఆమె నన్ను వేసి, పళ్లెం ముందు కూర్చుని పప్పు గీకడం మొదలుపెట్టింది. ఆ పూట మునుపటికంటే ఎక్కువే బద్దలయ్యాయి. ఎవరూ నన్ను ఆపలేదు.