నిచ్చెనకు నేనిచ్చిన బంతులు

కాలరు తిరగేసి ఇస్త్రీ చేస్తుంటే, పేపరు వెనకనుంచి మావారు అన్నారు: “మోకాలి ఆపరేషన్‌కి పక్కన మనిషెందుకు? నర్సులుంటారుగా.”

తడి చొక్కా మీద ఇస్త్రీపెట్టె ఆన్చగానే గుప్పున ఆవిరి లేచింది. ఆ ఆవిరిలో కిటికీ కరిగిపోయి, ఎదుటి డాబా కరిగిపోయి, వాటి వెనక ఎక్కడో మా పాత మైదానం కనిపించింది. నిన్న సాయంత్రం నిచ్చెన ఫోన్ చేసినప్పటినుంచీ ఇదే వరస. ఏ పని పట్టుకున్నా దాని వెనకనుంచి ఆ మైదానం తొంగిచూస్తోంది.

“మోకాలు మార్చేస్తారట పిట్టా. చెల్లెలు రాలేనంది. నిన్ను రమ్మనడం లేదు, ఊరికే చెప్తున్నా,” అంది. ఊరికే చెప్పడం దానికి చేతకాదని నాకు తెలియదూ!

నిచ్చెన నా చిన్ననాటి స్నేహితురాలు. వయసుకు మించిన పొడుగని బడిలో పిల్లలు పెట్టిన పేరది. నేనేమో పిట్టంత. మమ్మల్ని పక్కపక్కన చూస్తే అందరికీ నవ్వే. ఆటల టీచరు మాత్రం నవ్వలేదు. ఇద్దరినీ వాలీబాల్ వల దగ్గర నిలబెట్టి, నాతో “నువ్వు బంతి లేపు, అది కొడుతుంది,” అంది. మా ఇద్దరి స్నేహానికీ అదే ముహూర్తం.

పైపుల ఫ్యాక్టరీ గోడ వెనక ఆ మైదానం. సాయంత్రం షిఫ్టు సైరన్ మోగాక ఎండ ఏటవాలుగా, పచ్చగా పడేది. నేను వేళ్ళ చివర్లతో బంతిని పైకి నెట్టేదాన్ని. అది వెళ్ళి వెళ్ళి, ఇక పైకి పోలేక, కిందికి దిగబుద్ధి కాక, ఒక్క క్షణం అక్కడే ఆగేది. ఆ క్షణంలో లోకం చెవులు మూసుకున్నట్టుండేది. నిచ్చెన జడ గాల్లోకి లేచేది, చెయ్యి విల్లులా వంగేది. తరవాత చప్పుడు, దుమ్ము, కేకలు. కేకలన్నీ దానికే. అది మాత్రం ఎవరివైపూ చూడకుండా సరాసరి నా దగ్గరికొచ్చి, నా అరచేతిని తన అరచేత్తో చరిచి, “ఎంత బాగా ఇచ్చావే!” అనేది.

ఇన్నేళ్ళలో ఆ మాట నన్ను మరొకరు అనలేదు. ఇంట్లో అందరికీ అందిస్తూనే ఉన్నాను. ఒకరికి అన్నం, ఒకరికి చొక్కా, ఒకరికి మందు, అందరికీ ఓపిక. అందుకున్నవాళ్ళు అందుకుని వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగి నా వైపు నడిచొచ్చినవాళ్ళు లేరు.

పెద్ద జట్టుకు ఇద్దరం ఎంపికైన ఏడాదే నాకు పెళ్ళి కుదిరింది. కాబోయే అత్తగారు నా చేతులు తిప్పి చూసి, “ఇదేమిటమ్మా, మగపిల్లాడి చేతుల్లా ఇంత గట్టిగా ఉన్నాయి?” అన్నారు. “ఇక ఆడదులెండి,” అని అమ్మ నా తరఫున మాటిచ్చేసింది. నిచ్చెన ఒక్కతే వెళ్ళింది. మోకాళ్ళు అరిగేదాకా ఆడి, తరవాత ఓ బడిలో ఆటల టీచరైంది. పెళ్ళి మాటెత్తిన వాళ్ళతో, “పొడుగు సరిపోయినవాళ్ళు దొరికారండీ, నాకే తీరిక సరిపోలేదు,” అనేది.

వీలైనప్పుడల్లా మా ఇంటికొచ్చేది. మా అమ్మాయి పుట్టినప్పుడు వచ్చి, గుడ్డలన్నీ ఉతికి, నన్ను పడుకోబెట్టి, పసిదాన్ని భుజాన వేసుకుని మధ్యాహ్నమంతా వసారాలో తిరిగింది. “ఆవిడకి వేరే పనేం లేదా?” అన్నారు మావారు. అది నాకోసం చేసిందంతా ఆయన కంటికి పనిగా ఆనలేదు. అదే పని నేను రోజూ చేసినా ఆనలేదు మరి.

అది ఎప్పుడొచ్చినా సంచిలో బంతి ఉండేది. డాబా మీద ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి ఒకరికొకరం ఇచ్చుకునేవాళ్ళం. మాటలుండేవి కావు. తెల్లటి దుప్పట్లు గాలికి ఉబ్బి మమ్మల్ని దాచేవి, మళ్ళీ చూపించేవి. ఇంతలో కిందనుంచి అత్తయ్య గొంతు.

“పైన ఏమిటా చప్పుడు?”

“దుప్పట్లు దులుపుతున్నానత్తయ్యా!”

“ఎంతసేపు దులుపుతావమ్మా? చిరిగి చేటలవుతాయి!”

నిచ్చెన నవ్వాపుకోలేక నీళ్ళ ట్యాంకు పట్టుకుని కూలబడేది.

అలా నాకేది కావాలన్నా దానిమీద ఓ దుప్పటి కప్పడం అలవాటైపోయింది. నిద్ర కావాలంటే తలనొప్పి అనేదాన్ని. కాసేపు ఒంటరిగా ఉండాలంటే తలస్నానం. నిచ్చెన గొంతు వినాలంటే బజారు పని. ఆఫీసులోనూ అంతే. నీళ్ళు రావడం లేదని జనం చేసే ఫోన్లెత్తడం నా ఉద్యోగం. ఆటల పోటీలు పెడితే వాలీబాల్‌కి పేరిచ్చాను. మా ఆఫీసరు నవ్వి, “మీకెందుకు మేడమ్ శ్రమ? బహుమతుల బల్ల దగ్గర కూర్చోండి,” అన్నాడు. “నాకూ అదే నయం సార్,” అని కూర్చున్నాను. ఈ సంగతి చెప్తే నిచ్చెన, “ఆ బల్లెత్తి వాడి నెత్తిన వెయ్యలేకపోయావుటే!” అంది.

మావారు పేపరు మడిచారు. “అయినా ఆవిడ నీకేమవుతుంది? అక్కా? చెల్లా? నువ్వెళ్తే ఇల్లెవరు చూస్తారు?”

అత్తయ్య చెల్లెలి ఆడపడుచుకు జ్వరమొస్తే వెళ్ళి వండిపెట్టొచ్చాను. దానికి వరస ఉంది. నిచ్చెనకూ నాకూ వరస లేదు.

“పక్కన మనిషి సంతకం లేకపోతే ఆపరేషన్ చెయ్యరటండీ,” అన్నాను. ఇంకో దుప్పటి.

ఆయన నిట్టూర్చారు. “సరే. రెండ్రోజుల్లో వచ్చెయ్.”

ఆపరేషనయ్యాక నిచ్చెన మత్తులోనే చేతులు పైకి చాపింది. కళ్ళు తెరవకుండానే, “ఇంకొంచెం ఎత్తుగా పిట్టా... ఆఁ, అంతే,” అని గొణిగింది. నర్సు వంగి, “ఏం కావాలమ్మా, దిండా?” అంది. ఆ చేతుల్ని నా చేతుల్లోకి తీసుకుని అలాగే కూర్చున్నాను. అది ఏ మైదానంలో ఉందో నాకు తెలుసు. నేనూ అక్కడే ఉన్నాను.

దాని ఇల్లు చిన్నది. రెండు గదులు, ఒక వసారా. పొద్దున దాని చెయ్యి పట్టుకుని నడిపించేదాన్ని. నొప్పికి నన్నూ డాక్టర్నీ కలిపి తిట్టేది. మధ్యాహ్నం ఏ తలనొప్పీ లేకుండా పడుకునేదాన్ని. అన్నం వేడిగా ఉండగానే తినేదాన్ని. నేను వడ్డించడానికి లేవబోతే, “కూర్చోవే, గిన్నెలకు కాళ్ళు లేకపోతేనేం, మనకు చేతులున్నాయిగా,” అని బల్ల మీదే అన్నీ నా వైపు జరిపేది. రోజులు నీళ్ళలో ఆకుల్లా కదిలిపోయాయి.

ఓ పొద్దున మావారు ఫోన్ చేశారు. “రెండ్రోజులన్నాను. ఎన్ని రోజులైందో చూసుకున్నావా? ఆవిడ ఇంకా నడవడం లేదా?”

నిచ్చెన అప్పుడే కర్ర గోడకానించి, తనంతట తాను గుమ్మం దాకా నడిచింది. ఎండలో నిటారుగా నిలబడి, గర్వంగా నా వైపు తిరిగింది. ఫోన్లో మాట వినపడి, చెయ్యి గబగబా ఊపుతూ, “నడవట్లేదని చెప్పవే!” అని పెదాలు కదిపింది.

ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కడే ఆగింది.

“నడుస్తోందండీ. కర్ర కూడా వదిలేసింది,” అన్నాను. “నాకే ఇంకొన్నాళ్ళు ఉండాలని ఉంది.”